చెవికి తగిన యంత్రము

ఇంటిలోని పెద్దవారు రేడియో ధ్వనిని నానాటికి హెచ్చించుచున్నచో, లోపము రేడియోలో నుండకపోవచ్చును. ముందు చెవిని పరీక్ష చేయించవలెను. గులిమి గడ్డకట్టుటయే కారణమైనచో వైద్యుడు దానిని తీసివేసినంతనే వినికిడి తిరిగి రాగలదు. చెవిలో కాచిన నూనె పోయుట ప్రమాదము.

లోపలి చెవిలోని సూక్ష్మ కణములు దెబ్బతిన్నచో వినికిడి యంత్రము కావలెను. అదియు మన రేడియోకు బంధువే: మైక్రోఫోను, ధ్వనిని పెంచు సాధనము, చిన్న స్పీకరు. అయితే రేడియో మీట త్రిప్పినచో ధ్వని యంతయు ఒక్కతీరున హెచ్చును. యంత్రము ఆ చెవికి వినరాని స్థాయిలనే అధికముగ పెంచవలెను. పరీక్ష లేక కొన్నది పొరుగువారి కళ్ళజోడు వంటిది.

1981లో కేంద్రప్రభుత్వ మారంభించిన 'అడిప్' పథకము క్రింద అల్పాదాయము గలవారికి యంత్రములు ఉచితముగ లభించును. సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయసంస్థ ప్రాంతీయ కేంద్రము కలదు. వినికిడి పరీక్షలచట జరుగును. శిబిరములో యంత్రము పంచినంతనే పని తీరినదనుట మాకు సమ్మతము కాదు. బ్యాటరీ బిళ్ళపై కాగితము ఊడదీసినంతనే గాలి తగిలి, వాడినను వాడకున్నను శక్తి తరుగుచుండును. కొత్త బిళ్ళలు పల్లెలో దొరకనిచో యంత్రము పెట్టెలో చేరును. పసిబిడ్డల చెవి త్వరగ పెరుగును గనుక చెవి అచ్చును కొన్ని నెలలకొకమారు మార్చవలెను. వదులైనచో యంత్రము కూతపెట్టును, బిడ్డ దానిని పీకివేయును. మాటలు నేర్చు వయస్సు మాత్రము ఆగదు.