భర్త మరణానంతరం భార్యకు రావలసిన ప్రభుత్వ సహాయాలు – వాటిని పొందే క్రమం

సంపాదించే మనిషి మరణిస్తే ఆ కుటుంబానికి ప్రభుత్వం నుండి కొన్ని సహాయాలు అందుతాయి. అయినా మన ధర్మపురి జిల్లాలోని తెలుగు పల్లెలలో ఎందరో స్త్రీలు ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. దీనికి ముఖ్యమైన కారణాలు రెండు. మొదటిది, మరణాన్ని గడువులోగా నమోదు చేయించకపోవడం. రెండవది, ఒక్కొక్క కాగితంలో పేరు ఒక్కొక్క విధంగా ఉండడం. ఈ రెండింటినీ సరిచేసుకుంటే తక్కిన పని చాలావరకు సులభమవుతుంది.

మొదటి కాగితం – మరణ ధ్రువపత్రం

దీనిని తమిళంలో 'ఇఱప్పు సాన్రిదళ్' అంటారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజులలోగా తెలియజేయాలి. గ్రామంలో ఇంటివద్ద మరణిస్తే వి.ఏ.ఓ. వద్ద నమోదు చేయించాలి. ఆసుపత్రిలో మరణిస్తే ఆసుపత్రివారే తెలియజేస్తారు. గడువులోగా నమోదైతే మొదటి ప్రతిని ఉచితంగా ఇస్తారు.

మనవారు పెద్దకర్మ ముగిసేవరకు ఇల్లు కదలరు. పదకొండవ రోజో, పదమూడవ రోజో గడిచి, బంధువులు వెళ్లిపోయేసరికి గడువులో సగానికి పైగా తీరిపోతుంది. కనుక మైలలో ఉన్న ఇల్లాలు వెళ్లనవసరం లేకుండా, మరిదో, అన్నదమ్ములో మొదటి వారంలోనే ఈ పని పూర్తి చేయాలి. 21 రోజులు దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. ఆపైన సంవత్సరం లోపు అయితే పై అధికారి వ్రాతపూర్వక అనుమతి కావాలి. సంవత్సరం దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తప్పనిసరి. 2023లో చేసిన సవరణ తరువాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు వంటి అధికారులు ఈ ఉత్తర్వు ఇస్తున్నారు.

సరిహద్దు కుటుంబాలు మరొక విషయం గుర్తుంచుకోవాలి. మరణం ఎక్కడ జరిగిందో అక్కడే నమోదు కావాలి. బెంగళూరులో కూలికి వెళ్లినవారు అక్కడ మరణిస్తే కర్ణాటకలోను, కుప్పం ఆసుపత్రిలో మరణిస్తే ఆంధ్రప్రదేశ్‌లోను ధ్రువపత్రం తీసుకోవాలి. దహనం సొంత ఊరిలో చేసినంత మాత్రాన ఇక్కడ నమోదు చేయరు.

పేర్ల చిక్కు

తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం. త, ద లకు ఒకే అక్షరం. ప, బ లకు కూడ అంతే. మన ఇంటిపేర్లు అక్కడి పద్ధతిలో సాధారణంగా కనబడవు. తండ్రి పేరులోని మొదటి అక్షరమో, పెండ్లి తరువాత భర్త పేరులోని అక్షరమో ముందు చేరుతుంది. 'గోవిందమ్మ' ఒక కాగితంలో 'గోవిందమ్మ' గాను, మరొక దానిలో 'కోవిందమ్మాళ్' గాను ఉంటే విచారణాధికారికి వారు ఇద్దరు మనుషులు. అందుచేత ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, మరణ ధ్రువపత్రం నాలుగూ ఎదుట పెట్టుకొని అక్షరం అక్షరం సరిచూడాలి. మరణ ధ్రువపత్రంలో తప్పు ఉంటే దరఖాస్తు చేసి దిద్దించుకునే వీలు చట్టంలోనే ఉన్నది.

రెండవ కాగితం – వారసుల ధ్రువపత్రం

ఇది 'వారిసు సాన్రిదళ్'. ఇ-సేవై కేంద్రంలో దరఖాస్తు చేస్తే విచారణ అనంతరం తహసీల్దారు ఇస్తారు. భార్యాబిడ్డలతో పాటు మృతుని తల్లి జీవించి ఉంటే ఆమె పేరును కూడ వ్రాయాలి. అత్తగారి పేరు దాచితే తరువాత వివాదాలు తలెత్తుతాయి.

ఏ ఏ సహాయాలు?

వితంతు పింఛను: తమిళనాడులో నిరాధార వితంతు పింఛను పథకం 1975 నుండి అమలులో ఉన్నది. నెలకు 1,000 రూపాయలుగా ఉన్న మొత్తాన్ని 2023 ఆగస్టు నుండి 1,200కు పెంచారు. కేంద్ర ప్రభుత్వ ఇందిరాగాంధీ జాతీయ వితంతు పింఛను పథకం 2009లో ప్రారంభమైనది. దారిద్ర్యరేఖకు దిగువనున్న, 40 ఏళ్లు నిండిన వితంతువులు దీనికి అర్హులు. పునర్వివాహం చేసుకుంటే పింఛను ఆగిపోతుంది. దరఖాస్తును తాలూకా సామాజిక భద్రతా పథకాల ప్రత్యేక తహసీల్దారు పరిశీలిస్తారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వితంతు పింఛను 4,000 అయినందున, కుప్పం వైపు బంధువుల చిరునామాతో అక్కడ దరఖాస్తు చేయవచ్చునా అని కొందరు అడుగుతున్నారు. చేయరాదు. పింఛను నివాసాన్ని బట్టి వస్తుంది. తప్పుడు చిరునామా బయటపడితే ఉన్నది కూడ పోతుంది.

కుటుంబ సహాయ నిధి: కుటుంబ పోషకుడు 18 నుండి 59 ఏళ్ల లోపు మరణిస్తే, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద ఒకేసారి 20,000 రూపాయలు ఇస్తారు.

బ్యాంకు బీమా: ఇది చాలామందికి తెలియదు. భర్త బ్యాంకు పుస్తకంలో ఏటా మే, జూన్ నెలల ప్రాంతంలో 436 రూపాయలు తగ్గి ఉంటే అది జీవన్ జ్యోతి బీమా. 20 రూపాయలు తగ్గి ఉంటే సురక్షా బీమా. మొదటిదానిలో సహజ మరణానికైనా రెండు లక్షలు, రెండవదానిలో ప్రమాద మరణానికి రెండు లక్షలు వస్తాయి. ఖాతా ఉన్న శాఖలోనే అడగాలి. రోడ్డు ప్రమాదమైతే పోలీసు ఎఫ్.ఐ.ఆర్., శవపరీక్ష నివేదిక కావాలి. పాము కరచినా, చింతచెట్టు మీదనుండి పడినా ఆసుపత్రి కాగితాలు ఉండాలి. కనుక ఆసుపత్రి చీటీని పారవేయరాదు.

భవిష్యనిధి: భర్త హోసూరు, బెంగళూరు, తిరుప్పూరు కంపెనీలలో పనిచేసి పి.ఎఫ్. కట్టి ఉంటే, నిలువ సొమ్ముకు 20వ ఫారం, భార్యాబిడ్డల పింఛనుకు 10-డి ఫారం ఇవ్వాలి. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, ఒక్క నెల చందా కట్టినా భార్యకు పింఛను హక్కు ఉంటుంది.

వ్యవసాయ కూలీలు, చిన్న రైతులైతే ముఖ్యమంత్రి రైతు భద్రతా పథకంలోను, భవన కార్మికులైతే సంక్షేమ బోర్డులోను సభ్యత్వం ఉన్నదేమో వెదకాలి. ఆ కార్డు పెట్టె అడుగున ఎక్కడో ఉండవచ్చును.

చేయరాని పనులు

భర్త ఏ.టి.ఎం. కార్డుతో డబ్బు తీయరాదు. మధ్యవర్తులకు అసలు కాగితాలు ఇవ్వరాదు. ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు రసీదు అడిగి తీసుకోవాలి. పని ఆగిపోతే సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజాసమస్యల దినాన అర్జీ ఇవ్వవచ్చును. జిల్లా న్యాయసేవల అధికార సంస్థలో స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది.

చివరగా ఒక మాట. మన తల్లులలో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చును, తమిళం చదవడం రాదు. వారి పిల్లలకు బడిలో నేర్చిన తమిళం వచ్చును. వేలిముద్ర వేసే ముందు ఆ కాగితాన్ని పిల్లలచేత మొదటినుండి చివరివరకు చదివించి వినండి. తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ సరిగా ఉన్నవని వారు చెప్పిన తరువాతనే ముద్ర వేయండి.