911కి ఫోన్ చేశాక...

అమెరికాలో అడుగుపెట్టిన కొత్తలోనే అందరూ మనకు చెప్పే నంబరు 911. ఫోన్ చేశాక, అంబులెన్సు వచ్చేలోగా ఏం చేయాలన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. మా అత్తమామలు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. పగలంతా ఇంట్లో వాళ్లిద్దరే. అందుకే ఈ విషయాలన్నీ కూర్చోబెట్టి చెప్పాను. మీ ఇంట్లోనూ పనికొస్తాయని రాస్తున్నాను.

ఫోన్ పెట్టేయొద్దు

"మనిషి ప్రాణం మీదికొస్తే ఇన్ని ప్రశ్నలేంటమ్మా? ముందు బండి పంపొచ్చుగా!" అన్నారు మామయ్యగారు. చాలామందికి ఉండే అనుమానమే ఇది. చాలాచోట్ల ఒకరు మనతో మాట్లాడుతుండగానే మరొకరు బండిని పంపిస్తుంటారు. ప్రశ్నల వల్ల ఆలస్యం కాదు, వచ్చేవాళ్లకు దారిలోనే వివరాలు అందుతాయి.

ఫోన్ స్పీకర్లో పెట్టండి. మనిషికి స్పృహ లేక, ఊపిరి సరిగ్గా ఆడకపోతే ఛాతీ మధ్యలో ఎలా నొక్కాలో వాళ్లే చెప్పి చేయిస్తారు. పెద్దవాళ్లకైతే కనీసం రెండంగుళాల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి.

ఇంగ్లీషు రాకపోతే "తెలుగు" అంటే చాలు. చాలా కేంద్రాలు దుభాషిని లైన్లోకి తీసుకొస్తాయి. అందుకు కాస్త సమయం పట్టినా లైను వదలకూడదు. సెల్‌ఫోన్‌తో చేస్తే మనం ఏ అంతస్తులో, ఏ ఫ్లాట్‌లో ఉన్నామో వాళ్లకు కచ్చితంగా తెలియకపోవచ్చు. అందుకే మా అడ్రసు తెలుగు అక్షరాల్లోనే రాసి ఫ్రిజ్ మీద అంటించాను.

కంగారులో ఆ ఫోన్ కట్ చేసి ఆఫీసులో ఉన్న అబ్బాయికి చేయాలనిపిస్తుంది. అది రెండో ఫోన్ నుంచి చేయాలి. 911 వాళ్లు పెట్టేయమన్నాక కూడా మొదటి ఫోన్ ఖాళీగా ఉంచాలి. దారి తెలియకపోతే మళ్లీ దానికే చేస్తారు.

ఇంట్లో చేయాల్సినవి

పక్కన ఇంకొకరు ఉంటే వీధి తలుపు గడియ తీయాలి. రాత్రయితే బయట లైటు వేయాలి. కుక్క ఉంటే గదిలో పెట్టి తలుపేయాలి. గేటుకు కోడ్ ఉంటే ఫోన్లోనే చెప్పాలి.

మనవాళ్లు వెంటనే చేసే పని గొంతులో కాసిని మంచినీళ్లు పోయడం. 911 వాళ్లు చెప్పకుండా నీళ్లు, కాఫీ, మాత్రలు ఏవీ ఇవ్వొద్దు. పక్షవాతమైతే మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకో రాసిపెట్టండి. గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. డాక్టర్లు మొదట అడిగేది ఆ టైమే.

మందుల చీటీ

ఇండియా మందుల పేర్లు ఇక్కడివాళ్లకు తెలియకపోవచ్చు. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్ అని, పారాసిటమాల్ అంటే ఎసిటమినోఫెన్ అని చెప్పాలి. బ్రాండు పేరు పక్కనే అసలు మందు పేరు, మోతాదు, పడని మందులు ఇంగ్లీషులో రాసి ఉంచండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే దాన్ని పైనే రాయండి.

ఈ శనివారం ఓ అరగంట కేటాయించి, 911 నొక్కకుండా, ఇవన్నీ ఇంట్లోవాళ్లతో ఒకసారి చేయించి చూడండి. అడ్రసు మాత్రం పెద్దవాళ్ల నోటితోనే చెప్పించండి.