గాలిపటమే గుర్రమైతే...

సంక్రాంతికి మనం గాలిపటాన్ని ఆడిస్తాం. అదే గాలిపటం మనిషిని లాక్కుంటూ పరుగుతీస్తే... ‘పవర్ కైటింగ్’ అంటే అదే!

ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు ఉండేవాడు. 1826లో ఆయన ఓ వింత బండికి పేటెంట్ తీసుకున్నాడు. దాన్ని లాగేది గుర్రాలు కాదు, రెండు పెద్ద గాలిపటాలు! అప్పట్లో రోడ్డు సుంకం గుర్రాల లెక్కన ఉండేది. గుర్రమే లేని బండికి ఎంత వసూలు చేయాలో తెలీక సుంకం వాళ్లు ఊరికే వదిలేసేవారట. అంతకుముందే ఆయన కూతురు మార్తాని కుర్చీలో కూర్చోబెట్టి గాలిపటంతో పైకి లేపాడు. క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ.జి.గ్రేస్ ఆ మార్తా కొడుకే!

కిటుకు ఇదీ...

మన పతంగికి ఒకటే దారం. పవర్ కైట్‌కి రెండు నుంచి నాలుగు. చాలావాటికి పుల్లలుండవు. ముందంచున ఉన్న రంధ్రాల్లోంచి గాలి దూరి లోపలి అరలు ఉబ్బుతాయి. దాంతో గుడ్డ కాస్తా విమానం రెక్కలా మారుతుంది. నాలుగు దారాల్లో రెండు బరువు లాగుతాయి, రెండు బ్రేకుల్లా పనిచేస్తాయి.

గాలి వీపుకి తగిలేలా నిలబడితే, కైట్ ఎగరగలిగే చోటు ఎదురుగా సగానికి కోసి బోర్లించిన గిన్నెలా ఉంటుంది. నడినెత్తిన, రెండు పక్కల అంచుల్లో లాగుడు తక్కువ. కైట్‌ని ఎదురుగా మధ్యలోకి దించారా... ఒక్కసారిగా లాగేస్తుంది! అక్కడ అడ్డంగా దూసుకెళ్లేకొద్దీ దానికి తగిలే గాలి వేగం పెరుగుతుంది. ఆ వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది.

ఆ బలంతోనే ఇసుకలో మూడు చక్రాల బండ్లు, నీళ్లమీద బోర్డులు పరుగెడతాయి. 2008లో ‘బెలూగా స్కైసెయిల్స్’ అనే సరకుల ఓడ ఇంజిన్‌కి సాయంగా 160 చదరపు మీటర్ల కైట్‌తో జర్మనీ నుంచి వెనెజువెలాకు బయల్దేరింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ పోటీ తొలిసారి చోటు సంపాదించింది. అది జరిగింది మార్సెయ్ తీరంలో.

జాగ్రత్త సుమా!

గాలి ఒక్కసారి విసురుగా వీస్తే మనిషిని నేలమీంచి లేపేయగలదు. బిగుసుకున్న సన్నని దారం చర్మాన్ని కోసేస్తుంది. అందుకే కరెంటు తీగలు, రోడ్లు, జనం లేని విశాలమైన మైదానం కావాలి. కొత్తవాళ్లు చిన్న కైట్‌తో, తేలికపాటి గాలిలో, తెలిసినవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి. నాలుగు దారాల కైట్‌కి మణికట్టు పట్టీలు తప్పనిసరి. పిడులు వదిలేస్తే ఆ పట్టీలు బ్రేకు దారాల్ని మాత్రమే పట్టి ఉంచుతాయి. కైట్ బలం కోల్పోయి కిందికి వాలిపోతుంది.

చిక్కల్లా ఒక్కటే. భయమేస్తే మనిషి చెయ్యి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. పండగనాడు దారం చేజారితే పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఇక్కడ మాత్రం నేర్చుకోవాల్సిన మొదటి పాఠమే అది... ప్రమాదమనిపిస్తే వదిలెయ్!