పనస చెక్కలో సగం, తలకాయలో సగం

నూజివీడు అనగానే నోరూరేది చిన్నరసాలకి. ఆ ఊరికి చెవులూరించే పేరు ఇంకోటుంది: వీణ. చుట్టూ తోటల్నిండా మామిడే అయినా వీణకు మాత్రం పనస చెక్కే కావాలి. బొబ్బిలివారు ఒకే మానును తొలిచి ఏకాండి వీణ చేస్తారు. నూజివీడు పనివాళ్లు కుండ, దండి, యాళి ముఖం విడివిడిగా చెక్కి అతుకుతారు. దండి మీద మైనం పరిచి 24 మెట్లు నిలబెడతారు. మైనం కాబట్టి మెట్టును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి శ్రుతికి తేవచ్చు. ఎంత జరపాలో కొలబద్ద చెప్పదు, చెవి చెప్పాలి.

ఈ వీణ భౌతికశాస్త్రాన్నే తికమక పెట్టింది. తీగను ఒకచోట మీటితే, ఆ చోట కదలకుండా ఉండాల్సిన అనుస్వరాలు (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలు) పుట్టకూడదని పాశ్చాత్య శాస్త్రజ్ఞుల సూత్రం. వీణలోనూ తంబురాలోనూ అవి నిక్షేపంగా వినిపిస్తాయని సి.వి. రామన్ 1921లో రాశాడు. కారణం తీగ కింద ఉండే గుర్రం, అంటే బ్రిడ్జి. దాని పైభాగం కత్తి అంచులా సన్నగా ఉండదు, వెడల్పుగా, కాస్త వంపు తిరిగి ఉంటుంది. తీగ కదిలినప్పుడల్లా ఆ వంపును తాకుతూ విడుస్తూ ఉంటుంది. విశాఖపట్నంలో చదువుకున్న ఈ రామన్‌గారి భార్య లోకసుందరి వీణ వాయించేవారు. పరిశోధనకు ప్రయోగశాల ఇంట్లోనే ఉందన్నమాట!

ఆ అనుస్వరాలతో మన మెదడు చేసే గారడీ ఇంకా చిత్రం. తోట కావలి గుడిసెలో సెల్‌ఫోన్ పాడుతోందనుకోండి. అంత చిన్న స్పీకరు మగగొంతులోని మంద్రస్వరాన్ని పలికించలేదు. పై అనుస్వరాలే బయటికొస్తాయి. వాటి వరసను బట్టి అడుగున ఏ స్వరం ఉండాలో మెదడు లెక్కగట్టి, లేనిదాన్ని ఉన్నట్టు వినిపిస్తుంది. గాయకుడి శ్రుతి పైకెళ్లినట్టు మనకు అనిపించకపోవడానికి కారణం ఇదే. వైణికుడు చిట్టిబాబు 'కొమ్మలో కోయిల' వాయిస్తుంటే తీగల మధ్య పిట్టను వెతుక్కోవడమూ ఈ కోవలోదే. వాయించింది ఆయన, కోయిలను కొమ్మ మీద కూర్చోబెట్టింది మనం.

గొంతు సంగతి వచ్చింది కనుక ఘంటసాల. పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, 1922లో. 1974లో కన్నుమూయడానికి కొద్దికాలం ముందు భగవద్గీత పాడి రికార్డు చేశారు. పూజగదిలో, పొద్దున్నే వినాల్సిన పాట. అది కాస్తా వైకుంఠ రథం మైకెక్కింది. ఇప్పుడు పల్లెలో ఎక్కడైనా ఆ శ్లోకాలు వినబడితే చాలు, "ఎవరు పోయారు?" అంటూ వీధిలోకి వస్తారు. చేతిలో మామిడిపండు ఉన్నా గుండె ఒక్కసారి జారుతుంది. గంట మోగగానే పావ్లోవ్ కుక్కలకు నోరూరినట్టే ఇదీ. అదే గొంతులో యుగళగీతం వినిపిస్తే ఎవరూ బయటికి రారు. తెలుగు రాని మనిషికి ఆ గీతాపఠనం వినిపించండి, ఎంత హాయిగా ఉందంటాడు. విషాదం రాగంలో లేదు, ఎన్నోసార్లు ఏ వేళ విన్నామో అందులో ఉంది. గీత చెప్పిన మాటలకు ఇంతకన్నా అన్యాయం జరగదేమో!

పెళ్లిలో ఇంకో కిటుకు. తాళి కట్టే క్షణంలో పురోహితుడు చెయ్యెత్తగానే "గట్టిమేళం!" సన్నాయి, డోలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఎవరి తుమ్మూ, ఎవరి అపశకునపు మాటా ఆ వేళ చెవిన పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు. పెద్ద ధ్వని చిన్న ధ్వనిని వినబడకుండా కప్పేయడం మీద శబ్దశాస్త్రంలో ఇప్పుడు పెద్ద అధ్యాయమే ఉంది. మన డోలు వాయిద్యగాడు ఆ అధ్యాయం చదవలేదు, చదవనక్కర్లేదు కూడా.

జోలపాటకు అర్థం తెలియాలా? అక్కర్లేదట. 2015లో మాంట్రియల్ పరిశోధకులు ఏడాది నిండని పసివాళ్లకు వాళ్లెన్నడూ వినని టర్కీ పాట వినిపించారు. సుమారు తొమ్మిది నిమిషాలు ఏడవకుండా ఉన్నారు. ముద్దుముద్దుగా మాట్లాడితే మాత్రం నాలుగు నిమిషాలకే రాగం అందుకున్నారు.

మొజార్ట్ వింటే తెలివి పెరుగుతుందన్న మాట 1993 నాటిది. 36 మంది కాలేజీ విద్యార్థులు, పావుగంట కూడా నిలవని ఫలితం. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం ఇస్తామని బడ్జెట్ అడిగాడు. తర్వాత తేలిందేమిటంటే, నచ్చిన పాట ఏది విన్నా కాసేపు హుషారొస్తుంది, ఆ హుషారుదే మహిమంతా. నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటు కోసం పిల్లలకు మొజార్ట్ పెట్టాలనుకునేవాళ్లు వాళ్లకిష్టమైన సినిమా పాటే పెట్టొచ్చు.

"మా రోజుల్లో పాటలే పాటలు" అని తాతయ్య అంటే దెబ్బలాడకండి. పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు విన్న పాటలే మనిషికి గట్టిగా గుర్తుంటాయి. మీ మనవడూ ఓ రోజు ఇదే మాటంటాడు.

ఇక వదలని పాట. పొద్దున ఆటోలో విన్న పల్లవి రాత్రిదాకా బుర్రలో తిరుగుతుంటుందే, దానికి ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చిట్కా చెప్పారు: చూయింగ్ గమ్ నమలండి. మనసులో పాడుకునేటప్పుడు కూడా నోటి కండరాలను కదిలించే మెదడు భాగాలు పనిలో ఉంటాయి. వాటికి వేరే పని పెడితే పాట పలచబడుతుంది. రసం పండు టెంక చీకితే ఇదే ఫలితం వస్తుందో లేదో ఎవరూ పరీక్షించినట్టు లేదు. వేసవిలో నూజివీడులో ఆ ప్రయోగానికి మనుషులు దొరకరన్న బెంగ మాత్రం ఉండదు.