మట్టి వేరు, మురికి వేరు

అపోహ: మురికిలో పెరిగిన పిల్లలకే రోగనిరోధక శక్తి ఎక్కువ.

వాస్తవం: 1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు, అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకు పుప్పొడి ఎలర్జీ తక్కువగా ఉండటం గమనించాడు. చిన్ననాటి ఇన్‌ఫెక్షన్లు ఎలర్జీ నుంచి కాపాడుతున్నాయేమోనని ఊహించాడు. ఆ ఊహే జనం నోళ్లలో నాని ‘మురికి మంచిదే’ అయి కూర్చుంది.

అసలు కాపాడేది ఏమిటో తెలియాలంటే అమెరికాలోని ఆమిష్, హటరైట్ రైతు కుటుంబాలను చూడండి. పూర్వీకులు, తిండి, జీవనం చాలావరకు ఒకటే. ఉబ్బసం మాత్రం ఆమిష్ బడిపిల్లల్లో సుమారు 5 శాతం, హటరైట్ పిల్లల్లో 21 శాతం. ఆమిష్‌లది గుర్రాల సేద్యం, ఇంటి పక్కనే పశువుల కొట్టం. పసివాళ్లు అక్కడే తిరుగుతారు. హటరైట్లది యంత్రాల సేద్యం, కొట్టాలు ఇళ్లకు దూరం. 2016లో ప్రచురితమైన అధ్యయనంలో రెండు చోట్లా ఇళ్లలోని దుమ్ము పరీక్షిస్తే, సూక్ష్మజీవుల అవశేషమైన ఎండోటాక్సిన్ ఆమిష్ ఇళ్లలో దాదాపు 7 రెట్లు ఉంది. దేనిమీద తిరగబడాలో, దేన్ని వదిలేయాలో పసి ఒంటికి ఆ దుమ్ము నేర్పుతోందని పరిశోధకుల అంచనా.

అలాగని మురుగుకాలువ పక్కన ఆడుకోనిస్తే వచ్చేవి విరేచనాలు, టైఫాయిడ్, నులిపురుగులే. దూడను నిమరనివ్వండి, పెరట్లో పాకనివ్వండి. అన్నానికి ముందు చేతులు మాత్రం సబ్బుతో కడగండి.

అపోహ: ముర్రుపాలు పిండి పారబోయాలి.

వాస్తవం: పసుపుపచ్చగా చిక్కగా ఉండే ఆ పాలల్లో బిడ్డ పేగులకు కాపలా కాసే యాంటీబాడీలు దండిగా ఉంటాయి. ఒక్క చుక్కా పోనివ్వకూడదు. పుట్టిన గంటలోపే పట్టాలి.

అపోహ: ఎలర్జీ రాకూడదంటే వేరుశనగలాంటివి ఆలస్యంగా పెట్టాలి.

వాస్తవం: 2015లో ప్రచురితమైన బ్రిటన్ అధ్యయనంలో, ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసివాళ్లను పరిశీలించారు. అయిదేళ్లకు వేరుశనగ ఎలర్జీ, దాన్ని దూరం పెట్టినవారిలో 17 శాతం, మొదటి ఏడాది నుంచే తిన్నవారిలో 3 శాతం. ఆరు నెలలు నిండాక మెత్తని ముద్దగానే పెట్టాలి, పలుకులు గొంతుకు అడ్డం పడతాయి. దురదపెట్టే చర్మవ్యాధి ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకైతే ముందు డాక్టరును అడగాలి.

అపోహ: సాంబ్రాణి పొగ బిడ్డకు మంచిది.

వాస్తవం: తలంటి పోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బిడ్డ జుట్టు ఆరబెట్టడం మన ఇళ్లలో ఎంతో ప్రేమతో చేసే పని. కానీ పొగ పొగే. ఇంకా ఎదుగుతున్న ఊపిరితిత్తుల లోపలి పొరలో అది మంట రేపుతుంది. దగ్గు, ఆయాసం తెస్తుంది. దోమల కాయిల్ పొగా, నాన్న కాల్చే బీడీ పొగా అంతే. అమ్మమ్మలూ, నాయనమ్మలూ! మెత్తటి పాత చీరముక్కతో తుడిచి, ఒడిలో పడుకోబెట్టుకోండి. జుట్టు దానంతటదే ఆరుతుంది.