కల్లు పుల్లబడుటకు కారణాలు – నాణ్యత కాపాడే పద్ధతులు

కరీంనగర్ ప్రాంతంలో చలికాలంలో ఈత చెట్లు, వేసవిలో తాటి చెట్లు గీత కార్మికులకు ప్రధాన ఆధారం. ఒకే తోటలో గీసిన కల్లు ఒక లొట్టిలో తియ్యగా, నురగతో మధ్యాహ్నం వరకు నిలిస్తే, పక్క చెట్టు లొట్టిలో పొద్దెక్కకముందే పుల్లబడుతుంది. వృత్తిలో కొత్తగా చేరినవారికి తొలి వేసవిలో ఇటువంటి నష్టం తరచుగా ఎదురవుతుంది. దోషం చెట్టుదని భావించడం పరిపాటి. కాని కారణం చాలావరకు లొట్టిలోనే ఉంటుంది.

అప్పుడే కారిన నీరాలో సుమారు 10 నుండి 14 శాతం చక్కెర ఉంటుంది. పులుపు దాదాపు ఉండదు. గెల కోత వద్ద, లొట్టి గోడల మీద, గాలిలో ఉన్న సూక్ష్మజీవులు ఇందులో వెంటనే వృద్ధి చెందుతాయి. లాక్టిక్ బాక్టీరియా ఆమ్లాన్ని పెంచుతాయి. ఈస్ట్ కణాలు చక్కెరను ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. నురగకు కారణం ఈ వాయువే. చివరగా ఎసిటిక్ బాక్టీరియా ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తాయి. ఈ దశలు ఒకదానిలో ఒకటి కలిసే సాగుతాయి. 180 గ్రాముల గ్లూకోజ్ నుండి సిద్ధాంతరీత్యా 92 గ్రాముల ఆల్కహాల్ మాత్రమే లభిస్తుంది. కాబట్టి 12 శాతం చక్కెర గల నీరా పూర్తిగా పులిసినా, బరువు లెక్కన సుమారు 6 శాతానికి మించి ఆల్కహాల్ రాదు.

ఈ సమస్య కల్లుకే పరిమితం కాదు. 1856లో ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో బీట్ దుంపల నుండి ఆల్కహాల్ తీసే కర్మాగారపు తొట్లు పుల్లబడగా, లూయీ పాశ్చర్ పరీక్షించి, చెడిన తొట్లలో ఈస్ట్‌కు బదులు వేరే సూక్ష్మజీవులు ఉన్నట్లు గుర్తించాడు. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ హాన్సెన్ ఒకే కణం నుండి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచిన తరువాత బీరు తయారీలో ఇటువంటి నష్టాలు బాగా తగ్గాయి. మంచి తోడు, శుభ్రమైన పాత్ర అన్నదే దీని సారాంశం. పెరుగు తోడుపెట్టే ప్రతి ఇల్లాలికీ తెలిసిన విషయమే ఇది.

మట్టి లొట్టి రంధ్రాలలో నిన్నటి కల్లు జీవులు దాగి ఉంటాయి. పాత మడ్డిని వదిలేస్తే ఆమ్ల బాక్టీరియాదే పైచేయి అవుతుంది. కనుక లొట్టిని ప్రతిరోజు వేడినీటితో కడిగి ఎండబెట్టాలి. పులిసిన కల్లు కావలసినచోట ముందునాటి మంచి కల్లును కొద్దిగా తోడుగా వేయాలి. ఎసిటిక్ బాక్టీరియాకు గాలి అవసరం కాబట్టి దింపిన కల్లును ఇరుకు మూతి పాత్రలో నిండుగా పోసి నీడలో ఉంచాలి. పులియని నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి, సూర్యోదయానికి ముందే దింపి, వడగట్టి, వెంటనే చల్లబరచాలి.

ఆదిలాబాద్ అడవులలో మార్చి, ఏప్రిల్ నెలలలో రాలే ఇప్పపువ్వుకూ ఈ సూత్రాలే వర్తిస్తాయి. చక్కెర అధికంగా గల ఈ పువ్వును తడి ఆరకుండా నిల్వచేస్తే బూజుపట్టి చెడిపోతుంది. శుభ్రమైన నేలపై పలుచగా పరచి ఎండబెట్టినది ఏడాది పొడవునా ఆహారంగా పనికివస్తుంది. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు చేస్తున్న ఇప్పపువ్వు లడ్డూలు ఇందుకు నిదర్శనం.

కల్లు పుల్లబడితే పోయేది ఒకరోజు కూలి. ఆ నష్టాన్ని పూడ్చుకొనుటకు నీరు, శాకరిన్ కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటివి చేర్చితే పోయేది ప్రాణం. అటువంటి కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినప్పుడు మూర్ఛలు, భ్రాంతులు కలుగుతాయి; వారిని తక్షణమే ఆసుపత్రికి చేర్చాలి. లొట్టి శుభ్రత వలన నష్టం తగ్గినచోట కల్తీకి సాకు కూడా తగ్గుతుంది. కావున కల్లుగీత సహకార సంఘాలు కొత్త సభ్యులకు చెట్టెక్కే నేర్పుతో పాటు లొట్టి సంరక్షణను కూడా నేర్పడం అవసరం.