ఫోటోలు ఎక్కడ దాచుకోవాలి?

ఫోటోల బ్యాకప్‌కి ఏ సర్వీసు మంచిదని మిత్రులు అడిగినప్పుడు, ధర కన్నా ముందు రెండు సంగతులు చూడమంటాను.

ఒకటి: ఒరిజినల్ సైజులో దాస్తుందా, అన్నీ ఒకేసారి వెనక్కి తీసుకోనిస్తుందా? ఉచితాన్ని నమ్మలేం. ఫ్లికర్ 2013లో ఉచితంగా ఇచ్చిన 1 టెరాబైట్‌ని 2019లో 1000 ఫోటోలకి కుదించింది. గూగుల్ ఫోటోస్ అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1 నుంచి ఆగిపోయింది.

రెండు: సింక్ వేరు, బ్యాకప్ వేరు. ఐక్లౌడ్ ఫోటోస్ చేసేది సింక్. ఫోన్లో డిలీట్ చేస్తే అన్నిచోట్లా పోతుంది. తిరిగి తెచ్చుకోవడానికి గడువు 30 రోజులే.

అందుకే ఏ సర్వీసు ఎంచుకున్నా, ఇంట్లో హార్డ్ డిస్కు మీద ఇంకో కాపీ ఉంచండి. అప్పుడప్పుడు నాలుగు ఫోటోలు దించుకుని, తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు తీసిన తాతగారి ఫోటోని మళ్ళీ తీయలేం కదా!